అక్వేరియం చేపలకు ఫ్రోజెన్ ఆహారాన్ని నెమ్మదిగా అలవాటు చేయడం: సమగ్ర మార్గదర్శి

దుకాణం నుంచి తెచ్చిన ఫ్రోజెన్ (గడ్డకట్టించి నిల్వ చేసిన) బ్లడ్‌వార్మ్‌ను, అంటే ఎర్రటి కీటక లార్వాలను, చేపలు నోట్లోకి తీసుకుని వెంటనే ఉమ్మేస్తున్నాయని కొందరు అడుగుతున్నారు. చేపలు ఆబగా తిన్నా, రెండు రోజులకే తొట్టిలో నీరు తెల్లగా మసకబారిందని మరికొందరు అడుగుతున్నారు. ఈ రెండు సమస్యలకూ మూలం ఒక్కటే. ఆహారాన్ని ఒక్కసారిగా మార్చడమే ఆ మూలం.

కొత్త రుచిని, కొత్త ఆకారాన్ని ఆహారంగా గుర్తించడానికి చేపకు కొంత సమయం కావాలి. ఆ ఆహారంతో పెరిగే వ్యర్థాలను శుద్ధి చేసేంతగా బ్యాక్టీరియా వృద్ధి చెందడానికి ఫిల్టర్‌కూ సమయం కావాలి. చేప సంగతి అందరూ గమనిస్తారు గానీ ఫిల్టర్ సంగతిని చాలామంది లెక్కలోకి తీసుకోరు. అందువల్ల కింద చెప్పిన ప్రతి దశలోనూ చేపతోపాటు నీటిని కూడా పరీక్షిస్తూ ముందుకు వెళ్లాలి. ఇక్కడ చెప్పినదంతా ఇళ్లలో ఉండే మంచినీటి తొట్లకు వర్తిస్తుంది.

1. మీ చేపకు ఏది తగిన ఆహారమో ముందు తేల్చుకోండి

ఫ్రోజెన్ ఆహారం అనగానే అందరికీ ఎర్రటి బ్లడ్‌వార్మ్ గుర్తుకు వస్తుంది. అయితే అది అన్ని చేపలకూ తగినది కాదు, తగిన చేపలకు కూడా రోజూ పెట్టవలసినది కాదు.

• బ్లడ్‌వార్మ్: ఇవి కుట్టని ఒక రకం దోమజాతి కీటకాల లార్వాలు. ఏంజెల్, డిస్కస్, ఫైటర్, టెట్రా, కోరిడోరాస్ ఇష్టంగా తింటాయి. మాంసకృత్తులు ఎక్కువ కాబట్టి మితంగా పెట్టాలి.

• ఆర్టీమియా: ఉప్పునీటి సరస్సుల్లో పెరిగే చిన్న రొయ్యజాతి జీవి. కొత్తగా అలవాటు చేసేటప్పుడు మొదటి ఎంపికగా దీన్నే సూచిస్తాను, ఎందుకంటే ఇది దాదాపు అన్ని చేపల నోటికీ పడుతుంది, కడుపుకు కూడా బరువు కాదు. స్పిరులినా (ఒక రకం నీలి ఆకుపచ్చ నాచు) పట్టించిన రకం దొరికితే అది ఇంకా మంచిది.

• డాఫ్నియా: మంచినీటిలో పెరిగే నలుసంత జీవి. దీని పెంకు జీర్ణం కాని పీచులా పనిచేస్తుంది. గోల్డ్‌ఫిష్‌కు, మలబద్ధకం వచ్చే ఫైటర్ చేపలకు ఇది చాలా ఉపయోగకరం.

• సైక్లాప్స్ (మంచినీటిలో ఉండే మరో నలుసంత జీవి), పిల్ల ఆర్టీమియా: నియాన్ టెట్రా, గప్పీ వంటి చిన్న నోటి చేపలకు, పిల్లచేపలకు.

• మైసిస్ (చిన్న రొయ్యలాంటి జీవి), ముక్కలుగా కోసిన పచ్చి రొయ్య: ఆస్కార్, ఫ్లవర్‌హార్న్, పెద్ద ఏంజెల్ చేపలకు. రొయ్యకు ఉప్పు, పసుపు, నూనె ఏదీ తగిలి ఉండకూడదు.

మాలావి సరస్సుకు చెందిన ఎంబూనా సిక్లిడ్లు పెంచేవారు ఒక జాగ్రత్త పాటించాలి. ఇవి రాళ్ల మీది నాచును గీరుకుని తినే చేపలు, వీటి పేగు పొడవైనది. వీటికి బ్లడ్‌వార్మ్, మాంసం వంటివి పెడితే కడుపు ఉబ్బే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. స్పిరులినా ఆర్టీమియాను అప్పుడప్పుడు కొద్దిగా పెట్టడంతో ఆగడం మేలు.

ప్యాకెట్ మీది అంకెలను చూసి మోసపోకండి. ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్ ప్యాకెట్ మీద ప్రోటీన్ 5 శాతం అని, గుళికల డబ్బా మీద 40 శాతం అని ఉంటే, గుళికలే ఎనిమిది రెట్లు బలమైనవని అనిపిస్తుంది. ఫ్రోజెన్ ఆహారంలో 90 శాతం దాకా నీరే ఉంటుంది కాబట్టి, ఆ నీటిని తీసివేసి లెక్కిస్తే మిగిలిన 10 భాగాల్లో 5 భాగాలు, అంటే సగం, ప్రోటీనే. గుళికల్లో తేమను తీసివేసి లెక్కించినా 44 శాతం దగ్గరే ఆగుతుంది.

2. కొనడం, ఇంటికి తేవడం, దాచడం

ఈ ఆహారం విషయంలో ఎక్కువ నష్టం తొట్టిలో కాక, దారిలో జరుగుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండలో అరగంట ప్రయాణం చేస్తే ప్యాకెట్ పూర్తిగా కరిగిపోతుంది. కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టిస్తే చూడటానికి ఒకేలా ఉంటుంది గానీ, ఆ మధ్య సమయంలో బ్యాక్టీరియా పెరిగి ఉంటుంది, లార్వాలు పగిలి లోపలి సారం బయటకు వచ్చి ఉంటుంది. దాన్ని తొట్టిలో వేస్తే తినే భాగం తక్కువ, నీటిని పాడుచేసే భాగం ఎక్కువ.

కొనేటప్పుడు చూడవలసినవి:

☐ గడులుగా ఉన్న ప్యాకెట్‌లో ప్రతి ముక్కకు అంచులు స్పష్టంగా ఉన్నాయా? ఒక మూలకు ఒరిగి గడ్డకట్టి ఉంటే అది ఒకసారి కరిగిందని అర్థం.
☐ ప్యాకెట్ లోపల మంచు పలుకులు ఎక్కువగా పేరుకోలేదు కదా?
☐ రంగు సహజంగా ఉందా? బ్లడ్‌వార్మ్ ముదురు ఎరుపులో ఉండాలి, నల్లబడి గాని గోధుమ రంగుకు తిరిగి గాని ఉండకూడదు.
☐ గడువు తేదీ ముద్రించి ఉందా?
☐ కరెంటు పోయినప్పుడు దుకాణంలోని ఫ్రీజర్‌కు ఇన్వర్టర్ గాని జనరేటర్ గాని ఉందా? ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడవద్దు.

బజారులో మిగతా పనులన్నీ ముగించుకున్నాక చివరగా ఈ ప్యాకెట్ కొనండి. మూత ఉన్న చిన్న థర్మోకోల్ పెట్టెలో ఐస్ ప్యాక్ పెట్టుకుని వెళ్లండి. కొరియర్‌లో తెప్పించుకునేవారు పార్సిల్ చేతికి అందగానే విప్పి చూడాలి. నడిమి భాగం ఇంకా గట్టిగానే ఉంటే వెంటనే ఫ్రీజర్‌లో పెట్టి త్వరగా వాడేయవచ్చు. మొత్తం నీరుకారి వెచ్చబడి ఉంటే ఎంత ఖరీదు పెట్టినా పారేయవలసిందే.

ఇంట్లో నిల్వకు మైనస్ 18 డిగ్రీలు సరైన ఉష్ణోగ్రత. గాలి చొరని మూత ఉన్న డబ్బాలో ప్యాకెట్ పెట్టి, డబ్బా మీద పేరు, కొన్న తేదీ రాయండి. వంటింటి ఫ్రిజ్‌లో పురుగులు పెట్టడానికి ఇంట్లోవారికి అభ్యంతరం ఉండవచ్చు, ముఖ్యంగా శాకాహార కుటుంబాల్లో. వారికి ముందుగా చెప్పి, వారు ఒప్పుకున్నాకే పెట్టండి. ఒప్పుకోకపోతే మేలు రకం గుళికలతోనే చేపలను ఆరోగ్యంగా పెంచవచ్చు.

బల్లపరుపు పలక రూపంలో దొరికే ప్యాకెట్ తెస్తే, కవరు విప్పకుండానే బల్ల అంచుకు ఆనించి విరిచి, ఒక్కో పూటకు సరిపడే చిన్న పలుకులుగా చేసుకుని వెంటనే ఫ్రీజర్‌లో పెట్టేయండి. ఈ పని రెండు మూడు నిమిషాల్లో ముగియాలి.

3. మొదలుపెట్టే ముందు తొట్టిని సిద్ధం చేయడం

కొత్తగా పెట్టిన తొట్టిలో, ఫిల్టర్ ఇంకా కుదురుకోని వారాల్లో, ఫ్రోజెన్ ఆహారం మొదలుపెట్టకూడదు. నీటి పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ (వ్యర్థాల నుంచి పుట్టి చేపలకు హాని చేసే పదార్థాలు) రెండూ సున్నా చూపించిన తొట్టిలోనే ప్రారంభించాలి.

తెలుగు రాష్ట్రాల్లో చాలా ఇళ్లలో బోరు నీళ్లే వాడతారు. ఆ నీళ్లలో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 దగ్గర లేదా అంతకంటే ఎక్కువగా ఉండటం సాధారణం. పీహెచ్ పెరిగేకొద్దీ, నీరు వెచ్చబడేకొద్దీ అమ్మోనియా మరింత విషపూరితమవుతుంది. కాబట్టి బోరు నీళ్ల తొట్టిలో మిగిలిపోయిన ఆహారం వల్ల కలిగే హాని, పీహెచ్ తక్కువగా ఉండే మెత్తని నీళ్ల తొట్టిలో కంటే తీవ్రంగా ఉంటుంది. వేసవిలో ఈ మార్పు చేపట్టేవారు మోతాదును ఇంకా తగ్గించి మొదలుపెట్టాలి.

ప్రారంభానికి ముందు:

☐ అమ్మోనియా 0, నైట్రైట్ 0.
☐ గత వారం రోజుల్లో కొత్త చేపలు వేయలేదు, మందులు వాడలేదు.
☐ ఫిల్టర్ స్పాంజిని తొట్టి నీళ్లలోనే పిండి శుభ్రం చేసి రెండు మూడు రోజులైంది.
☐ అడుగున పేరుకున్న మడ్డిని సైఫన్ గొట్టంతో పీల్చి తీసేశాము, పావు వంతు నీరు మార్చాము.
☐ చేపలన్నీ ప్రస్తుత ఆహారాన్ని చురుగ్గా తింటున్నాయి.

చివరి అంశాన్ని తేలికగా తీసుకోవద్దు. తిండి మానేసిన చేపను ఊరించడానికి కొత్త ఆహారం తెచ్చేవారు ఎక్కువ. అయితే తిండి మానడం చాలాసార్లు నీటి దోషానికో జబ్బుకో లక్షణం. ముందు ఆ కారణాన్ని కనుక్కోవాలి.

దుకాణం నుంచి కొత్తగా తెచ్చిన చేప అయితే, అక్కడ దానికి ఏం పెట్టేవారో అడిగి, మొదటి వారం అదే పెట్టండి.

4. కరగబెట్టడం, వడకట్టడం

మొత్తం పద్ధతిలో అన్నిటికంటే శ్రద్ధ కావలసిన పని ఇదే. గడ్డకట్టిన ముక్కను నేరుగా తొట్టిలో వేయడం సులభమే గానీ, అలా వేస్తే బలమైన చేప ముక్క మొత్తాన్నీ కాపలా కాసుకుంటుంది, ఆబగా తినే చేప సగం గట్టిగా ఉన్న ముక్కనే మింగుతుంది, ముక్కతోపాటు గడ్డకట్టిన మురికి రసం అంతా నీళ్లలో కలుస్తుంది. నెమ్మదిగా అలవాటు చేసేటప్పుడు లెక్కపెట్టి వేయగలగాలి. అది కరిగిన ఆహారంతోనే సాధ్యం.

కావలసినవి: చిన్న గ్లాసు, సన్నని టీ వడపోత, మందు వేసే డ్రాపర్ లేదా సూది లేని సిరంజి, పొడవాటి పట్టకారు. వీటిని చేపల పనికే ప్రత్యేకించండి.

(క) ఆ పూటకు కావలసినంత ముక్కను మాత్రమే విరిచి, మిగిలినదాన్ని వెంటనే ఫ్రీజర్‌లో పెట్టండి. 100 గ్రాముల గడుల ప్యాకెట్‌లో సుమారు 30 ముక్కలు ఉంటే, ఒక్కోటి 3 గ్రాములకు కాస్త ఎక్కువ తూగుతుంది. పది నియాన్ టెట్రాలున్న తొట్టికి మొదటి రోజుల్లో ఆ ముక్కలో ఎనిమిదో వంతు కూడా ఎక్కువే.

(చ) గ్లాసులో తొట్టి నీళ్లే పోసి ముక్కను వేయండి. అయిదు నుంచి పది నిమిషాల్లో దానంతట అదే విడిపోతుంది. వేడినీళ్లు పోయవద్దు, మైక్రోవేవ్‌లో పెట్టవద్దు. వేడి తగిలితే లార్వాల పలుచని చర్మం పగిలి పోషకాలన్నీ నీళ్లలో కలిసిపోతాయి.

(ట) టీ వడపోతలో వంచి ఎర్రటి రసాన్ని పారబోయండి. ఆ రసంలో ఫాస్ఫేట్లు, కరిగిన మాంసకృత్తులు ఉంటాయి. అవి చేప నోట్లోకి చేరేది తక్కువ, నాచుకు ఎరువయ్యేది ఎక్కువ.

(త) వడపోతలోని ఆహారాన్ని మళ్లీ రెండు చెంచాల తొట్టి నీళ్లలో కలిపి డ్రాపర్‌లోకి తీసుకోండి.

వడకట్టినదాన్ని కుళాయి కింద పెట్టి కడగడం కొందరి అలవాటు. అది అవసరం లేదన్నది నా అభిప్రాయం. నీటిలో కరిగే విటమిన్లు వడకట్టినప్పుడే కొంత పోతాయి, ధారగా కడిగితే మిగిలినవి కూడా పోతాయి. పైగా పురపాలక కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది.

కరిగించి వాడగా మిగిలిన ఆహారాన్ని మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. రేపటికని ఫ్రిజ్‌లో దాచడం కూడా మంచిది కాదు. మొక్కల కుండీలో పారేయండి.

5. గుళికలు తినే చేపలకు: రెండు వారాల క్రమం

ఈ క్రమం రోజుకు రెండు పూటలు ఆహారం పెట్టే ఇళ్లకు తగినట్టు రాసినది. మార్పు అంతా సాయంత్రం పూటలోనే చేయాలి, ఉదయం పూట పాత ఆహారాన్ని కదిలించకూడదు. ఒక పూట స్థిరంగా ఉంటే చేప ఆకలితో నీరసించదు, తేడా వస్తే కారణం ఏ పూటదో మీకు తెలుస్తుంది.

1 నుంచి 3వ రోజు: సాయంత్రం గుళికలు వేయడానికి ముందు, చేపలు ఆకలిగా ఉన్నప్పుడు, ఒక్కో చేపకు ఒకటి రెండు పలుకులు పడేలా డ్రాపర్‌తో వదలండి. రెండు నిమిషాలు ఆగి, తిన్నా తినకపోయినా, మామూలు గుళికలను కాస్త తగ్గించి పెట్టండి.

4 నుంచి 7వ రోజు: సాయంత్రపు ఆహారంలో పావు వంతు ఫ్రోజెన్, ముప్పావు వంతు గుళికలు. ముందు ఫ్రోజెన్, తర్వాతే గుళికలు.

8 నుంచి 10వ రోజు: సాయంత్రం సగం సగం.

11 నుంచి 14వ రోజు: రోజు విడిచి రోజు సాయంత్రం పూర్తిగా ఫ్రోజెన్. మధ్య రోజుల్లో గుళికలే.

ఈ రోజుల లెక్క కంటే కింది మూడు గుర్తులు ముఖ్యం. మూడూ సరిగ్గా ఉంటేనే తర్వాతి దశకు వెళ్లాలి. ఏ ఒక్కటి తప్పినా ఉన్న దశలోనే ఇంకో మూడు రోజులు ఆగాలి.

☐ వేసిన ఆహారం రెండు మూడు నిమిషాల్లో పూర్తిగా అయిపోతోంది, అడుగున ఏమీ మిగలడం లేదు.
☐ మరునాటి ఉదయం అమ్మోనియా, నైట్రైట్ సున్నా.
☐ చేప పొట్ట ఉబ్బలేదు, మలం తెల్లటి దారంలా వేలాడటం లేదు.

ఆహారం వేసేటప్పుడు ఫిల్టర్ ప్రవాహం బలంగా ఉంటే పది నిమిషాలు ఆపవచ్చు. అయితే ఆపిన వెంటనే ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఫిల్టర్ మళ్లీ వేయడం మరిచిపోతే గంటల తరబడి ప్రాణవాయువు అందక అందులోని బ్యాక్టీరియా దెబ్బతింటుంది, ఈ రెండు వారాల్లో మనకు దానితోనే ఎక్కువ పని. ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్‌ను ఆపవలసిన అవసరమే లేదు.

రెండు వారాలు పూర్తయ్యాక గుళికలను పూర్తిగా మానేయవద్దు. మేలు రకం గుళికల్లో విటమిన్లు, ఖనిజాలు లెక్క ప్రకారం కలిపి ఉంటాయి, ఏ ఒక్క ఫ్రోజెన్ ఆహారంలోనూ ఆ సమతూకం ఉండదు. దానికితోడు, కరెంటు పోయి ఫ్రీజర్‌లోని సరుకంతా పాడైన రోజున గుళికలు తినడం మరిచిన చేపతో చాలా ఇబ్బంది పడతారు.

6. బతికున్న పురుగులకు అలవాటుపడిన చేపలకు

చెన్నైలోని కొళత్తూరు నుంచి, కోల్‌కతా పరిసరాల నుంచి మన ఊళ్లకు వచ్చే చేపల్లో అనేకం చిన్నప్పుడు బతికున్న ట్యూబిఫెక్స్ అనే సన్నని ఎర్రటి పురుగులను తిని పెరిగినవే. ఆ పురుగులు మురుగు చేరే బురదలో పెరుగుతాయి కాబట్టి వాటితోపాటు రోగకారక క్రిములు తొట్టిలోకి రావచ్చు. వాటిని మాన్పించి ఫ్రోజెన్‌కు మార్చాలనుకోవడం మంచి నిర్ణయమే. గడ్డకట్టించడం వల్ల పరాన్నజీవులు చాలావరకు చస్తాయి గానీ బ్యాక్టీరియా అంతా చావదు. కాబట్టి ప్యాకెట్ మీద గామా కిరణాలతో శుద్ధి చేసినట్టు రాసి ఉన్న రకం దొరికితే దాన్నే ఎంచుకోండి.

ఇక్కడ చిక్కు రుచిది కాదు, కదలికది. కదిలేదే తిండి అని ఆ చేప నేర్చుకుంది. కదలకుండా అడుగుకు జారే ఎర్రటి దారాన్ని అది ఆహారంగా లెక్కించదు. కాబట్టి కదలికను మనమే కల్పించాలి, తర్వాత దాన్ని క్రమంగా తగ్గించాలి.

మొదటి మూడు రోజులు: బాగా కడిగిన బతికున్న పురుగులు మూడు వంతులు, కరిగించి వడకట్టిన బ్లడ్‌వార్మ్ ఒక వంతు ఒకే గ్లాసులో కలపండి. రెండూ ఎర్రగా, సన్నగా ఉండటం వల్ల కలిసిపోతాయి. ఈ మిశ్రమాన్ని డ్రాపర్‌తో, ఫిల్టర్ నీరు పడే చోట, ప్రవాహంలోకి వదలండి. అక్కడ చచ్చిన లార్వా కూడా సుడులు తిరుగుతూ బతికున్నట్టే కనిపిస్తుంది. ఇక్కడ ఫిల్టర్ ఆపకూడదు.

తర్వాతి మూడు రోజులు: సగం సగం. చోటు, వేళ మారకూడదు. రోజూ ఒకే మూలలో, ఒకే సమయానికి పెడితే చేప అక్కడికి వచ్చి ఎదురుచూడటం నేర్చుకుంటుంది, ఆ ఎదురుచూపులో ఉన్న చేప కొత్తదాన్ని కూడా నోట పడుతుంది.

ఆ తర్వాతి మూడు రోజులు: బతికున్నవి ఒక వంతు, ఫ్రోజెన్ మూడు వంతులు. ముందు ఫ్రోజెన్ మాత్రమే వదిలి, చేపలు రెండు మూడుసార్లు నోట పట్టాకే మిగతా మిశ్రమం వేయండి.

పదో రోజు నుంచి: ఫ్రోజెన్ మాత్రమే. ఇంకో వారం దాకా ప్రవాహంలోనే వదలండి, తర్వాత నిలకడ నీటిలో వదిలి చూడండి.

చేప ఉమ్మేయడం చూసి కంగారు పడవద్దు. నోట్లోకి తీసుకోవడం, ఉమ్మడం, మళ్లీ తీసుకోవడం చేపలు కొత్త ఆహారాన్ని పరీక్షించే పద్ధతి. అసలు దగ్గరికే రాని చేప గురించి ఆలోచించాలి గానీ, ఉమ్మేసే చేప దాదాపు దారికి వచ్చినట్టే.

7. అప్పటికీ ముట్టని చేపలకు

• ఫైటర్: పుల్ల చివర ఒకే ఒక లార్వాను అంటించి, నీటి ఉపరితలానికి తాకించి మెల్లగా కదిలించండి. ఒక పూటకు మూడు నాలుగు లార్వాలు దీనికి సరిపోతాయి.

• కోరిడోరాస్, లోచ్ వంటి అడుగు చేపలు: పైన ఉండే చేపలు వాటి వంతు మిగలనివ్వవు. లైటు ఆర్పిన పావుగంట తర్వాత, సిరంజికి సన్నని గొట్టం తొడిగి ఆహారాన్ని నేరుగా అడుగున, అవి తిరిగే చోట వదలండి.

• డిస్కస్: భయపడితే తిండి ముట్టదు. నీరు 28 నుంచి 30 డిగ్రీల మధ్య ఉందో లేదో చూడండి, తొట్టి ముందు నడక తగ్గించండి, ఆహారం వేసి దూరంగా వెళ్లండి. ఇప్పటికే ఫ్రోజెన్ తినే తోటి డిస్కస్ ఉంటే దాన్ని చూసి మిగిలినవి నేర్చుకుంటాయి.

• ఆస్కార్, ఫ్లవర్‌హార్న్: పచ్చి రొయ్యను నోటికి సరిపడే ముక్కగా కోసి, పట్టకారుతో పట్టుకుని కదిలించండి. మూడుసార్లు చూపించినా పట్టకపోతే తీసేయండి, తొట్టిలో వదిలేయవద్దు.

ఆరోగ్యంగా, పుష్టిగా ఉన్న పెద్ద చేపను ఒకటి రెండు రోజులు పస్తు ఉంచి తర్వాత ఫ్రోజెన్ పెట్టడం పనిచేసే ఉపాయమే. పిల్లచేపలకు, పొట్ట లోపలికి పోయిన చేపలకు, జబ్బు నుంచి కోలుకుంటున్నవాటికి దీన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు. రెండు రోజులు దాటితే పాత ఆహారం ఇచ్చి, వారం తర్వాత మళ్లీ ప్రయత్నించండి.

బ్లడ్‌వార్మ్‌ను ముట్టని చేప ఆర్టీమియాను తినవచ్చు, దాన్నీ ముట్టనిది డాఫ్నియాను తినవచ్చు. ఒకే రకం కిలోల లెక్కన కొనేముందు చిన్న ప్యాకెట్లలో రెండు మూడు రకాలు తెచ్చి చూడటం మంచిది.

8. ఎంత పెట్టాలి, వారానికి ఎన్నిసార్లు

చేప కంటి పరిమాణంలో ఉన్నంత ఆహారం ఒక పూటకు సరిపోతుందన్నది పెంపకందారుల్లో వాడుకలో ఉన్న స్థూలమైన లెక్క. దాన్ని ఆధారంగా పెట్టుకుని, రెండు మూడు నిమిషాల్లో అయిపోయే మోతాదుకు సర్దుకోండి.

రకరకాల చిన్న చేపలున్న తొట్టికి వారానికి మూడు నాలుగు పూటలు, ఏంజెల్‌కు నాలుగు అయిదు పూటలు, గోల్డ్‌ఫిష్‌కు ఒకటి రెండు పూటలు చాలు. డిస్కస్‌కు రోజూ పెట్టవచ్చు గానీ నీటి మార్పిడి కూడా అంత తరచుగా ఉండాలి. బ్లడ్‌వార్మ్‌ను వరుసగా రెండు పూటలు పెట్టకుండా, మధ్యలో ఆర్టీమియా గాని డాఫ్నియా గాని వచ్చేలా చూడండి. వారానికి ఒక రోజు పెద్ద చేపలకు పస్తు ఉంచడం వల్ల మేలే తప్ప కీడు లేదు.

9. తరచుగా జరిగే తప్పులు, సరిదిద్దే పద్ధతి

నీరు తెల్లగా మసకబారింది. ఆహారం ఎక్కువై బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగిందని అర్థం. ఒక రోజు ఆహారం మానేయండి, అడుగున మిగిలినదాన్ని సైఫన్‌తో తీయండి, పావు నుంచి మూడో వంతు దాకా క్లోరిన్ తీసిన నీటితో మార్చండి, ఎయిర్ పంపు పెంచండి. ఫిల్టర్‌ను మాత్రం కడగవద్దు. తిరిగి మొదలుపెట్టేటప్పుడు అంతకుముందు మోతాదులో సగంతో మొదలుపెట్టండి.

అమ్మోనియా 0.25 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) చూపిస్తోంది. చేపలు బాగానే ఉన్నాయి కదా అని కొనసాగించవద్దు. ఫ్రోజెన్ ఆపి, నీరు మార్చి, వరుసగా మూడు రోజులు సున్నా వచ్చాక ఒక దశ వెనక్కి వెళ్లండి.

చేప పొట్ట ఉబ్బింది. రెండు రోజులు పస్తు, మూడో రోజు డాఫ్నియా కొద్దిగా. ఉబ్బుతోపాటు పొలుసులు బయటికి పొడుచుకుని లేస్తే అది అజీర్తి కాదు, శరీరంలో నీరు చేరే తీవ్రమైన లక్షణం. ఆ చేపను వేరే తొట్టిలోకి మార్చి, తెలిసినవారి సలహా తీసుకోవాలి.

ఒకే చేప అంతా తినేస్తోంది. ఒకేసారి రెండు మూలల్లో రెండు డ్రాపర్లతో వేయండి. ఇంట్లో పిల్లలుంటే ఒక మూల వారికి అప్పగించవచ్చు, చేతికి తొడుగు వేసి.

నాచు విపరీతంగా పెరిగింది. వడకట్టడం మానేశారేమో చూసుకోండి. లైటు వేళలు ఎనిమిది గంటలకు మించకుండా చూడండి.

కరెంటు చాలాసేపు పోయింది. ఫ్రీజర్ తలుపు తెరవకుండా ఉంచండి. కరెంటు వచ్చాక ముక్కను నొక్కి చూడండి. గట్టిగా ఉంటే వాడవచ్చు. మెత్తబడి రసం కారి ఉంటే పారేయండి. ఈ నష్టం తప్పాలంటే ఒకసారికి నెల రోజుల సరుకు కంటే ఎక్కువ కొనకూడదు.

10. మన ఒంటికి సంబంధించిన జాగ్రత్తలు

బ్లడ్‌వార్మ్‌కు ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్ కొందరికి ఎలర్జీ కలిగిస్తుంది. చేతులు దురద పెట్టడం, కళ్లు ఎర్రబడటం, తుమ్ములు, ఆయాసం దీని లక్షణాలు. ఇది మొదటిరోజే రాకపోవచ్చు, నెలల తరబడి తాకాక కూడా మొదలు కావచ్చు. కాబట్టి తొలి రోజు నుంచే చేతి తొడుగులు వాడండి. ఊపిరి ఆడటం కష్టమైతే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లి, దేన్ని తాకారో చెప్పండి. రొయ్యలు పడనివారు ఆర్టీమియా, మైసిస్ విషయంలోనూ ఇంతే జాగ్రత్తగా ఉండాలి.

☐ చేతికి కోత, పుండు ఉంటే తొట్టి నీళ్లలో చెయ్యి పెట్టలేదు.
☐ గ్లాసు, వడపోత, పట్టకారు వంటపాత్రలతో కలపలేదు.
☐ పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్నాము.

11. ఊరికి వెళ్లేటప్పుడు

పండగకో పెళ్లికో నాలుగు రోజులు ఇల్లు విడిచి వెళ్లేవారు, ఫ్రోజెన్ ఆహారం పెట్టమని పక్కింటివారికి అప్పగించవద్దు. వారికి మోతాదు తెలియదు, జాలితో ఎక్కువ వేస్తారు. రెండు మూడు రోజులైతే పెద్ద చేపలకు పస్తు ప్రమాదం కాదు. అంతకు మించితే, రోజుకొక పొట్లంగా గుళికలు కట్టి, పొట్లాల మీద తేదీలు రాసి ఇవ్వండి. ఫ్రోజెన్ డబ్బా ఎక్కడ ఉందో చెప్పనవసరం లేదు.

తిరిగి వచ్చాక ముందు నీటిని పరీక్షించి, పావు వంతు మార్చండి. మొదటి సాయంత్రం ఫ్రోజెన్ సగం మోతాదులో పెట్టండి. మరునాటి ఉదయం అమ్మోనియా సున్నా ఉంటే మూడో రోజుకు పాత మోతాదుకు రావచ్చు. పది రోజులకు మించి విరామం వచ్చి ఉంటే, అయిదో విభాగంలోని నాలుగో రోజు నుంచి మళ్లీ మొదలుపెట్టండి.